కాసు పెట్టని పందెము

ఆటకును జూదమునకును నడుమ నొక సన్నని గీత కలదని మన ముత్తవ్వలకు బాగుగా తెలియును. అష్టాచెమ్మయు, వామనగుంటలును, పచ్చీసును మన యిండ్ల అరుగులమీద తరతరములుగా ఆడినవే. గవ్వలు వేయునపుడు కేకలు, కాయ చచ్చినపుడు అలుకలు, పండినపుడు నవ్వులు అన్నియు నుండెడివి. కాని ప్రొద్దుగ్రుంకి చింతగింజలను మరల డబ్బాలో పోసిన పిదప గెలిచినదానికిని ఓడినదానికిని భేదము లేదు. మఱునాటి బియ్యమునకు లోటును లేదు. ఆ గింజలకు బదులు కాసులు వచ్చిననాడు అది ఆట కాదని యెవరును చెప్పకయే వారికి తెలిసెడిది.

నేటి పిల్లల ఆటలు అరుగులమీద లేవు. అరచేతిలోని ఫోనులో నున్నవి. వారు చింతగింజలతో ఆడుచున్నారో, కాసులతో ఆడుచున్నారో ప్రక్కన కూర్చున్న తల్లికి సైతము తెలియదు. అందుచేత అట్టి ఆటలలో నొకదానిని నేను కూర్చుండి నేర్చుకొంటిని. దానిని ఫాంటసీ ఫుట్‌బాల్ అందురు. మా యింట దానికి ‘ఊహాజట్టు’ అని పేరు పెట్టుకొంటిమి. తోడి గృహిణులకు ఉపయోగపడునని తోచి, నేర్చినదానిని ఇచట వ్రాయుచున్నాను.

మొదట నొక సందేహము తీర్చవలెను. ఈ యాటలో కాలితో బంతిని తన్నవలసిన పని లేదు. బంతి తన్నువారు వేఱు. వారు ఇంగ్లండు దేశమున ప్రీమియర్ లీగు అను పోటీలో నిజముగా ఆడుచుందురు. మనము ఇంట కూర్చుండి ఆ యాటగాండ్రలో కొందఱిని ఏరి యొక జట్టు కూర్చుకొందుము. మైదానమున వారు చేసిన పనినిబట్టి మనకు పాయింట్లు వచ్చును. పెండ్లియింట గాడిపొయ్యి దగ్గర వండువారు వేఱు. ఎవరిచేత పులిహోర కలిపింపవలెను, ఎవరిని వడ్డనకు నిలుపవలెను అని నిర్ణయించు పెద్దముత్తైదువ వేఱు గదా! ఈ యాటలో మనది ఆ పెద్దముత్తైదువ పని.

ఇట్టి ఆటకు అమెరికాలో 1962లో బిల్ వింకెన్‌బాక్ అను నతడు మిత్రులతో కలసి నియమములు వ్రాసెను. అది బంతిని చేతబట్టి పరుగెత్తు ఆ దేశపు ఫుట్‌బాల్. మనమెఱిగిన కాలిబంతికి దీనిని ఇటలీలో రిక్కార్డో అల్బీనీ కూర్చి 1990లో పుస్తకముగా వెలువరించెను. ఇంగ్లండులో 1991లో ఆండ్రూ వెయిన్‌స్టీన్ మొదలిడెను. తరువాత 2002లో ప్రీమియర్ లీగువారే ఇంటర్నెట్టులో తమ సొంత ఆటను తెరచిరి. అందు చేరుటకు రుసుము లేదు. 2024–25లో కోటికి పైగా జట్లు అందు చేరెను. ఆగస్టు మొదలు మే నెలవఱకు 38 విడతలుగా ఆ యాట సాగును.

నేను దీనిని సరదాకై నేర్వలేదు. మేము ముగ్గురము అక్కచెల్లెండ్రము. అక్కయ్య పుంగనూరిలోను, నేను మదనపల్లెలోను, చెల్లెలు కుప్పములోను కాపురములు చేయుచున్నాము. చెల్లెలి కొడుకునకు బెంగుళూరిలో ఉద్యోగము. దినమును రైలులో పోయి వచ్చుచుండును. 2024 ఎండకాలమున, చెల్లెలు చీటీ కట్టుటకై బీరువాలో చీరల నడుమ దాచిన రొక్కము కనబడలేదు. అబ్బాయిని అడుగగా తల వంచుకొనెను. తన మూడునెలల జీతమును, దానిపై తల్లి చీటీసొమ్మును, ఫోనులోని యొక పందెపు ఆటలో పోగొట్టుకొనియుండెను. అదియు ఊహాజట్టు ఆటయే. కాని కాసు పెట్టి ఆడునది, ఒక్కొక్క మ్యాచికి ఒక్కొక్క పందెముగా ఒక్క సాయంకాలమున ముగియునది. ఆ కంపెనీ పేరుతో మనకు పని లేదు.

ఇట్టి పందెపు ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోను, మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లోను నిషేధించినవి. కాని కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. ప్రక్కనున్న కర్ణాటకమున 2021లో నిషేధము చేయగా, ఆ చట్టములోని ముఖ్యభాగములను 2022 ఫిబ్రవరిలో అచటి హైకోర్టు కొట్టివేసెను. కనుక కుప్పమున తెరచుకొనని ఆట, రైలు గుడుపల్లె దాటి కామసముద్రము చేరగనే తెరచుకొనెడిది. ఇల్లంతయు వెదకినను దొరకని దొంగ రైలుపెట్టెలో నుండెను!

చెల్లెలు ఏడ్చుచు ఫోను చేసెను. “అక్కా, నా మాట వాడు వినడు. నువ్వే చెప్పాల” అనెను. ఆ ఆదివారము అబ్బాయి మదనపల్లెకు వచ్చెను. చీవాట్లు తినుటకు సిద్ధపడియే వచ్చినట్లు వాని ముఖము చెప్పుచుండెను. అన్నము పెట్టిన పిదప, “నాయనా, ఆ ఆటేదో నాకు నేర్పు. తెలీనిదాన్ని గురించి నిన్నేమని తిట్టేది?” అంటిని. వాడు నమ్మలేక చూచి, “నీకెందుకు పెద్దమ్మా అది?” అనెను. “లెక్క చూడాల” అంటిని.

కాగితము తెచ్చి యిద్దఱమును లెక్క చూచితిమి. పదిమంది తలకు నూఱు రూపాయలు వేసిరనుకొందము. పోగైన వేయి రూపాయలలోనుండి కంపెనీ తన పాలు తీసికొనును. అది నూటయేబది యనుకొన్నచో పదుగురికిని పంచుటకు మిగులునది ఎనిమిదివందల యేబదియే. వారిలో ఎవ డెంత నేర్పరియైనను, ఆ పదుగురును కలసి ప్రతిసారియు నూటయేబది రూపాయలు పోగొట్టుకొనుట తప్పదు. చీటీ నడుపువారును కమీషను తీసికొనుట లేదా యని మీరడుగవచ్చును. తీసికొందురు. 1982 నాటి చీటీల చట్టము దానికి నూటికి 5 అని హద్దు పెట్టెను. 2019 సవరణలో అది 7 ఆయెను. కాని చీటీలో మనము కట్టిన సొమ్ము, కొంత తరిగియో పెరిగియో, మన యింటికే తిరిగివచ్చును. పందెములో అనేకుల సొమ్ము కొందఱి యిండ్లకు పోవును. ఆ కొందఱలో మన పేరుండునని యెవరును వ్రాసి యియ్యరు. పోగొట్టుకొన్నవాడు పోయినది రాబట్టుటకై మఱునాడు మరల వేయును. మా వాడు చేసినది అదియే.

లెక్క ఒప్పుకొనెను గాని వాడు ఊరకుండలేదు. “ఇది లక్కు కాదు పెద్దమ్మా, నేర్పు. కోర్టులే చెప్పినాయి” అనెను. వాని మాట అబద్ధము కాదు. రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని, మన ఆంధ్రప్రదేశమునుండి పోయిన వ్యాజ్యముననే సుప్రీంకోర్టు 1967లో చెప్పెను. ఊహాజట్టు ఆటలో నేర్పే ప్రధానమని 2017లో పంజాబు హర్యానా హైకోర్టు తీర్పు చెప్పెను. కాని నేర్పున్నదా లేదా అనునది న్యాయస్థానపు ప్రశ్న. బియ్యపు డబ్బులు నిలుచునా లేదా అనునది ఇంటి ప్రశ్న. కనుక వానితో, “నీకు నేర్పుంటే కాసు లేకుండానే చూపించు. మేం ముగ్గురం ఆడవాళ్లం నీతో ఆడతాం” అంటిని. వాడు నవ్వెను. ఆ నవ్వు చూచి చాల దినములైనదని చెల్లెలు తరువాత చెప్పినది.

ఈ విధముగా 2024 ఆగస్టు 16న ఋతువు మొదలగునాటికి మా మూడిండ్ల లీగు ఏర్పడినది. అక్కయ్య, నేను, తొమ్మిదవ తరగతి చదువు మా అమ్మాయి, చెల్లెలు, అబ్బాయి, వెరసి ఐదు జట్లు. తమవారు మాత్రమే చేరునట్టి లీగు పెట్టుకొనుటకు ఆ యాటలో వీలు కలదు. ఒకరు ఏర్పఱచి గుర్తుమాట పంపినచో తక్కినవారు చేరుదురు. అబ్బాయి గురువు, మేము శిష్యురాండ్రము. వాడు చెప్పిన పాఠమును క్రమముగా వ్రాసెదను. నియమములు ఏటేట కొంచెము మారుచుండును. ఇందలివి 2025–26 నాటివి.

మొదటి పాఠము, పద్దు. ఆట మొదలగునపుడు మన చేతికి నూఱు మిలియను పౌనుల ఊహాధనము వచ్చును. మేము దానిని నూఱు రూకలని చెప్పుకొంటిమి. ఆ నూఱు రూకలలో 15 మందిని కొనవలెను: గోలు కాచు గోల్‌కీపర్లు 2, వెనుక కాపుగా నుండు డిఫెండర్లు 5, నడుమ నాడు మిడ్‌ఫీల్డర్లు 5, ముందుండి గోలు కొట్టు ఫార్వర్డులు 3. ఒక క్లబ్బునుండి ముగ్గురికి మించి తీసికొనరాదు. సగటున తలకు ఆఱున్నర రూకలకు కొంచెము పైన పడును. పేరుమోసినవాడు పదునాలుగు రూకలు కూడ పలుకును. అనామకుడు నాలుగు రూకలకే దొరకును. ఇది విన్నంతనే మా చెల్లెలు, “ఇంతేనా? ఇది నెలసరుకుల చీటీనే గదా!” అనెను. నిజమే. జీడిపప్పు వీసెలకొలది కొన్నచో కందిపప్పునకు డబ్బు చాలదు. పండుగవంట కేమి కావలెను, దినదినపు వంట కేమి కావలెను అని యెఱిగి పద్దు వేసికొనుట మనకు క్రొత్తవిద్య కాదు.

రెండవ పాఠము అక్కయ్య మాకు నేర్పినది. ఆమె పెరటిలో పుంగనూరు ఆవు కలదు. సుమారు మూడడుగుల యెత్తు మాత్రముండు ఆ జాతి ఆవు తినునది స్వల్పము. దాని పాలలో వెన్న నూటికి 8 పాళ్లవఱకు నుండునందురు. ఆ జాతి అంతరింపకుండ పలమనేరులోని పరిశోధనా కేంద్రమున కాపాడుచు వచ్చిరి. అక్కయ్య ఆటగాండ్ర పట్టికను చూచి, “పెద్ద ఎద్దులను ఇద్దరు ముగ్గురిని కట్టుకుందాం. తక్కినవి పుంగనూరావులు ఉండాల” అనెను. వెల తక్కువ, కాని ప్రతి విడతలోను తప్పక మైదానమునకు దిగువాడు పుంగనూరావు. ఎంత చవకయైనను జట్టులో చోటు దొరకక బల్లమీద కూర్చుండువాడు వట్టిపోయిన గొడ్డు. క్రొత్తగా ఆడువారు ముఖ్యముగా చూడవలసినది ఇదే: ఆటగాడు ప్రతిమారును ఆడుచున్నాడా లేదా.

మూడవ పాఠము, వెలలు. ఆటగాండ్ర వెల నిలుకడగా నుండదు. ఎక్కువమంది కొనుచున్నచో కొంచెము పెరుగును. ఎక్కువమంది వదలుచున్నచో తగ్గును. మదనపల్లె టమోటా మండిని ఎఱిగినవారికి ఇది వివరింపనక్కఱలేదు. 2023 జూలైలో కిలో నూఱు రూపాయలు దాటిన పంటనే మఱియొక నెలలో కోతకూలి కూడ రాదని రైతులు వదలివేయుట మేము చూడనిది కాదు. మండిలో అందఱు ఎగబడుచున్న దినమున కొన్నవాడు ఎక్కువ వెల యిచ్చును. ఈ యాటలోను అంతే. పోయిన విడతలో ఒకడు మూడు గోళ్లు కొట్టెనని అందఱును వాని వెంట పరుగెత్తుదురు. వచ్చు విడతలో వాడు అట్లే కొట్టునని నియమము లేదు.

నాల్గవ పాఠము, పాయింట్లు. గంటసేపు ఆడినవానికి 2, అంతకు తక్కువ ఆడినవానికి 1. గోలు కొట్టినచో ఫార్వర్డునకు 4, మిడ్‌ఫీల్డరునకు 5, డిఫెండరునకు 6. గోలునకు బంతి అందించినవానికి 3. గంటకు తక్కువ కాకుండ ఆడి, తానున్నంతవఱకు ఎదుటివారిని గోలు కొట్టనీయనిచో గోల్‌కీపరునకును డిఫెండరునకును 4. పసుపు చీటీ చూపబడినచో 1 పోవును. ఎఱ్ఱ చీటీ చూపబడినచో 3 పోవును. తనవారి గోలులోనికే బంతిని కొట్టుకొన్నచో 2 పోవును. 2025–26 మొదలుకొని, ఒక మ్యాచిలో ఎదుటివారి దాడిని పదిమార్లు అడ్డుకొన్న డిఫెండరునకు 2 పాయింట్లు అదనము. గోలు కొట్టినవానిని లోకము పొగడును. ఇల్లు కాచినవానిని ఎవరును తలంపరు. ఈ యాటలో కాచినవానికిని లెక్క యుండుట చూచి మా అక్కచెల్లెండ్రము సంతోషించితిమి.

ఐదవ పాఠము, నాయకుడు. ప్రతి విడతకును 15 మందిలో 11 మందిని దింపి, నలుగురిని బల్లమీద నుంచవలెను. దిగినవారిలో నొకనిని నాయకునిగా నియమింపవలెను. వాని పాయింట్లు రెండింతలగును. వాడు ఆ విడతలో అసలే ఆడనిచో ఉపనాయకుని పాయింట్లు రెండింతలగును. దిగవలసినవాడు దిగనిచో బల్లమీదివాడు వరుసక్రమమున వాని చోటికి వచ్చును. కాబట్టి బల్లమీది మొదటిచోటును అలక్ష్యము చేయరాదు.

ఆఱవ పాఠము, మార్పులు. మా కథ కంతయు ఇదియే కీలకము. విడతకు ఒక ఆటగానిని ఊరకే మార్చుకొనవచ్చును. మార్చుకొననిచో ఆ హక్కు ఐదింటివఱకు నిలువయగును. హక్కునకు మించి మార్చిన ప్రతి మార్పునకును 4 పాయింట్లు కోత పడును. జట్టునంతయు ఒక్కమారుగా మార్చుకొనుట మొదలగు కొన్ని ప్రత్యేకపు వీళ్లును కలవు; మొదటి రెండు నెలలు వాని జోలికి పోకున్నను లోటు లేదు.

ఇక సమయము. విడతలోని మొదటి మ్యాచికి గంటన్నర ముందుగా జట్టును స్థిరపఱచవలెను. శనివారపు మొదటి మ్యాచి అచటి పండ్రెండున్నరకు మొదలైనచో, మనకు గడువు ఎండకాలపు లెక్కలో సాయంకాలము మూడున్నర, వారు గడియారములు వెనుకకు త్రిప్పుకొన్న చలికాలమున నాలుగున్నర. మధ్యాహ్నభోజనమైన పిదప, కాఫీ పెట్టుటకు ముందు, ఆ పని ముగించుకొనవచ్చును. వారమునకు పావుగంట చాలును. మ్యాచి చూచి తీరవలెనన్న నిర్బంధమును లేదు. మా అక్కయ్య ఋతువంతటిలో రెండు మ్యాచులు మాత్రమే చూచినది.

ఇక మా లీగు నడచిన తీరు. 2024–25లో మొహమ్మద్ సలా అను ఈజిప్టు దేశీయుడు లివర్‌పూల్ క్లబ్బునకు ఆడుచు 29 గోళ్లు కొట్టి, 18 గోళ్లకు బంతి అందించెను. మొదట వాని వెల పన్నెండున్నర రూకలు. ఋతువు ముగియునాటికి 344 పాయింట్లు తెచ్చెను. అంతవఱకు ఈ యాటలో ఎవరును అంత తేలేదు. అక్కయ్య వానిని మొదటిదినముననే కొని, తొమ్మిది నెలలును వదలలేదు. నడుమ రెండు విడతలలో వాడు ఏమియు తేనపుడు మేమందఱము మార్చుమంటిమి. “పాలు తగ్గిన పూటకే ఆవును అమ్ముతారా?” అని ఆమె నవ్వినది.

అబ్బాయి తీరు వేఱు. మాకందఱకంటె వానికే ఆట బాగుగా తెలియును. ఐనను ఒక విడత చెడినంతనే ఇద్దఱిని ముగ్గురిని మార్చి 4, 8 పాయింట్ల కోత పెట్టుకొనెడివాడు. పోయినదానిని ఈ శనివారమే రాబట్టవలెననెడి తహతహ కాసులతోపాటు పోలేదు. వాని వ్రేళ్లలోనే నిలిచియుండెను. నేను ఏమియు అనలేదు. మే 25న ఋతువు ముగిసినది. అక్కయ్య మొదట, అబ్బాయి రెండవవాడు, మా అమ్మాయి, నేను, చెల్లెలు ఆ తరువాత. ఆ రాత్రి వాడు తన పట్టికను తానే ముందుంచుకొని లెక్కించెను. అదనపు మార్పులు 13. కోతపడిన పాయింట్లు 52. అక్కయ్యకును వానికిని నడుమనున్న తేడా 31. చాలసేపటికి నాకు ఫోను చేసి, “పెద్దమ్మా, నన్ను పెద్దవ్వ ఓడించలేదు. నేనే ఓడిపోయినా” అనెను. వాడు అక్కయ్యను తమాషాకు పెద్దవ్వ యనును. ఏడాదిపాటు నేను చెప్పదలచి చెప్పక ఆపుకొన్న మాటను ఆటయే వానికి చెప్పినది. అదియు ఉచితముగా చెప్పినది.

ఆ తరువాత మూడునెలలకు, 2025 ఆగస్టు 20న లోక్‌సభయు, 21న రాజ్యసభయు ఆన్‌లైను ఆటల చట్టమును ఆమోదించగా, 22న రాష్ట్రపతి సమ్మతి లభించినది. నేర్పుతో కూడినదైనను, అదృష్టముపై నడచునదైనను, ఇంటర్నెట్టులో కాసు పెట్టి ఆడించు ఆటలన్నింటిని ఆ చట్టము నిషేధించినది. ఆడించువారికి మూడేండ్లవఱకు చెఱయు, కోటి రూపాయలవఱకు జుల్మానాయు విధింపవచ్చును. ఆడినవారికి మాత్రము శిక్ష లేదు. చట్టము వచ్చుట మేలే. కాని గీత రాష్ట్రపు పొలిమేరలో నున్నపుడు రైలు దానిని దాటినది. దేశపు పొలిమేరలో నున్నపుడు దానిని దాటించు దారులు వెదకువారును ఉందురు. పిల్లవాని మనస్సులో గీత పడిననాడే ఇల్లు నిశ్చింతగా నుండును. చెల్లెలి చీటీసొమ్మును అబ్బాయి నెలనెలకు కొంత చొప్పున తీర్చుచున్నాడు. ఇంకను కొన్ని నెలల బాకీ మిగిలియున్నది. ఆమె వానిని తొందరపెట్టుట లేదు, మఱచిపోవుటయు లేదు.

ఈ యాటను ఇంట ప్రవేశపెట్టదలచినవారికి నాకు తోచినవి నాలుగు మాటలు. పిల్లలు ఏ యాట ఆడుచున్నను, అందు బ్యాంకు వివరములుగాని, ధనము చెల్లించు మార్గముగాని అడుగుచున్నచో అది మనకు వలదు. ఉచితమైన ఆటకు వానితో పని లేదు. లీగులో అపరిచితులను చేర్చుకొనక, చుట్టములను, స్నేహితురాండ్రను మాత్రమే చేర్చుకొనుడు. బహుమానముగా రొక్కము పెట్టకుడు. మా లీగులో ఓడినవారు గెలిచినవారికి ఓలిగలు చేసిపెట్టవలెనని కట్టడి. గడువు ముగిసిన పిదప మరల శనివారమువఱకు దాని ఊసు ఎత్తకుడు. అన్నింటికంటె ముఖ్యముగా, పిల్లలచేతనే నేర్పించుకొనుడు. నేర్పువాడు దాచలేడు.

మఱియొక లాభము నేను తలంపనిది. పేర్లు నేర్చుటతో మొదలైన మా అమ్మాయికి నిజపు బంతిమీదికి మనసు పోయినది. తెలుగుసీమకు ఈ యాట పరాయిది కాదని అప్పుడు నేను చదివి తెలిసికొంటిని. హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీముగారు శిక్షకులుగా నుండగా భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకములు గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచినది. నిజామాబాదు జిల్లా ఆడుబిడ్డ గుగులోతు సౌమ్య భారతదేశపు జట్టులో ఆడినది. 2025 జూలైలో మన స్త్రీల జట్టు థాయిలాండును వారి గడ్డమీదనే 2–1 తేడాతో ఓడించి, 2026 ఆసియా కప్పునకు అర్హత పొందినది. మన జట్టు మైదానమున నిలిచి పాడు జనగణమనకు, 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు మా మదనపల్లెకు వచ్చినపుడు, మార్గరెట్ కజిన్సుగారు స్వరలిపి వ్రాసిరి. ఇవన్నియు అమ్మాయికి చెప్పితిని. ఇప్పుడు ఆమె సాయంకాలములందు నలుగురు తోడి బాలికలతో బడి మైదానమున బంతి తన్నుచున్నది. మోకాళ్లు కొట్టుకొనిపోయి ఇంటికి వచ్చునపుడు పసుపు రాయుచు, గోళ్లు ఎన్నియని అడుగుచున్నాను.

సోదరీమణులారా! పిల్లల చేతిలోని ఫోనును లాగుకొనుట యొక్క నిమిషపు పని. వారు అందేమి చూచుచున్నారో తెలిసికొనుటకు ఒక ఋతువు పట్టవచ్చును. పద్దు వేయుట, ఓర్చుకొనుట, చవకలో మేలైనది ఏరుట, ఒకపూట చెడినంత మాత్రమున వంటయిల్లు వదలకుండుట, ఇవి మన కెవరును నేర్పనక్కఱలేదు. ఆ విద్యనే ఆటగా మలచి పిల్లలతో కూర్చుండుడు. గెలుపు వారిదైనను మీదైనను, ఇంటి పెట్టెలోని కాసు కదలదు.